స్క్రూ దిగే చోటు

"ఏదీ, నీ చేతులు చూపించు," అన్నాడు గార్త్ వీబ్.

రేలీన్ కార్డినల్ నిజంగానే చేతులు చాపింది. సోమవారం పొద్దుటి ల్యాబ్ సమావేశం అది. బల్ల మీద గార్త్ ఇంటి నుంచి తెచ్చిన హకిల్‌బెర్రీ పళ్ళ తీపి రొట్టె, దాని చుట్టూ కాఫీ కప్పులు, వాటి వెనక విద్యార్థులు. గోడ మీది తెర నిండా రేలీన్ ఏడాది కష్టం చుక్కలు చుక్కలుగా కనిపిస్తోంది. ఒక్కో చుక్కా చెక్కలోంచి ఒక స్క్రూని ఊడబెరకడానికి పట్టిన బలం. వాటిలో సగం ఉండాల్సిన ఎత్తులోనే ఉన్నాయి. మిగతావి కిందికి జారి ఎటుపడితే అటు చెల్లాచెదురుగా ఉన్నాయి.

గార్త్ ఆ చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "వేళ్ళన్నీ ఉన్నాయి. వణుకూ లేదు. మరి డ్రిల్లు పట్టుకునేసరికి వీటికేం రోగమొస్తోంది?"

అందరూ నవ్వారు. ఆ గదిలో ఉన్నవాళ్ళందరికీ ఏదో ఒకరోజు గార్త్ సంతకం కావాలి కాబట్టి ఆయన జోకులకి ఎప్పుడూ కొదవలేని నవ్వు దొరుకుతుంది. థియా ల్యాండ్రీ కూడా నవ్వింది. నవ్వాక, అసిస్టెంట్ ప్రొఫెసర్ అయ్యుండి తను కూడా ఆ పిల్లల్లో కలిసిపోయిందే అని తనమీద తనకే కోపం వచ్చింది.

రేలీన్ చేతులు వెనక్కి తీసుకుని స్వెటర్ చేతుల్లోకి లాక్కుంది. "రాసిపెట్టిన పద్ధతి ప్రకారమే చేశాను," అంది.

"పద్ధతి చదివితే చాలదమ్మాయ్, చెయ్యి తిరగాలి. ఇలాంటి చెక్క దిమ్మలతోనే థియా ఇక్కడే పరీక్షలు చేసింది. ఆమె చుక్కలు చూడు, బుద్ధిగా వరసలో నిలబడ్డాయి. నీవి బడి వదిలిన పిల్లల్లా ఉన్నాయి." ఆయన తీపి రొట్టె ముక్క ఒకటి కోసి రేలీన్ ముందు పెట్టాడు. ఆయనకి నిజంగా కోపం లేదు, అదే చిక్కు. "గురువారం నీ కమిటీ. నేను, థియా, అడవుల విభాగం నుంచి బెర్నిస్ చౌ. ఈ చుక్కలతో వస్తే మాత్రం నిన్ను డాక్టరేట్‌లో ఉంచమని నేను చెప్పలేను. మాస్టర్స్ పట్టా తీసుకుని వెళ్ళిపోవడమే మర్యాద."

రేలీన్ ఆ ముక్క ముట్టుకోలేదు.

సమావేశం అయ్యాక గార్త్ థియాని నడవాలో ఆపాడు. బయట మంచు కురుస్తోంది. కిటికీకి అవతల, రోడ్డుకి ఆ పక్క, పూర్తిగా చెక్కతో కట్టిన విద్యార్థుల హాస్టలు కనిపిస్తోంది. ఊళ్ళోకి ఎవరొచ్చినా గార్త్ ముందు దాన్నే చూపిస్తాడు.

"ఒకసారి ఆ పిల్ల పక్కన నిలబడి చేసి చూపించు," అన్నాడు. "రేపు ఎవరూ మనల్ని అనకూడదు, చూసుకోలేదని. ఇంకోటి, వచ్చేవారం నీ ఉద్యోగం పర్మనెంట్ చెయ్యడం మీద జరిగే ఓటుకి నీ కాగితాలన్నీ నేనే చదివాను. దిగులు పడకు. హాయిగా నిద్రపో."

థియా థాంక్స్ చెప్పింది. ఆ ఉద్యోగం కోసం ఆమె ఈ చలి ఊళ్ళో ఆరేళ్ళుగా పడుంది. అది దక్కకపోతే ఇంకో ఊళ్ళో మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టే వయసు దాటిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం ఆమె ల్యాబ్‌లోకి వెళ్ళేసరికి రేలీన్ దిమ్మలు పేర్చుకుంటోంది. స్ప్రూస్ చెట్టు చెక్కల్ని ఒక వరస నిలువుగా, దాని మీద ఒక వరస అడ్డంగా పరిచి, జిగురు పూసి, యంత్రంలో అదిమితే తయారయ్యే దిమ్మలవి. ఇటుక, కాంక్రీటు అక్కర్లేకుండా వాటితోనే గోడలు, నేలలు నిలబెడతారు. పొరకీ పొరకీ మధ్య జిగురు ఉంటుంది గానీ, ఒకే పొరలో పక్కపక్కనున్న చెక్కల మధ్య ఉండదు. అవి ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయంతే. కోసిన అంచు వైపు నుంచి చూస్తే అక్కడక్కడా గోరు మందాన సందులు కనిపిస్తాయి. గోడని నేలతో కలపడానికి మోచెయ్యంత పొడుగు స్క్రూలు దిగేది ఆ అంచులోకే.

"నువ్వెలా చేస్తావో అలాగే చెయ్యి. నేను చూస్తాను," అంది థియా.

రేలీన్ దిమ్మ అంచు మీద టేపుతో కొలిచి మధ్యలో పెన్సిల్ గీత గీసింది. రంధ్రాలున్న ఇనుప మూసని సరిగ్గా ఆ గీత మీద పెట్టి, క్లాంపు బిగించి, స్క్రూ దింపింది. చెయ్యి నిలకడగా ఉంది. వేగం సరిగ్గా ఉంది. డ్రిల్లు నిటారుగా ఉంది. థియా తప్పు పట్టుకోవడానికి వచ్చి ఏమీ దొరక్క నిలబడిపోయింది.

ల్యాబ్ టెక్నీషియన్ ఆర్లో ఆ దిమ్మని యంత్రంలో పెట్టి స్క్రూని పైకి లాగాడు. చెక్క ఒక్కసారి కూడా మూలగలేదు. స్క్రూ మెత్తగా ఊడివచ్చింది.

"పాలపన్ను ఊడినట్టు ఊడింది," అన్నాడు ఆర్లో. "పిల్లా, నీకూ చెక్కకీ ఏదైనా పాత పగ ఉందేమో చూసుకో."

"ఏదీ, ఇటివ్వు." థియా డ్రిల్లు అందుకుంది. డ్రిల్లు పట్టుకుని చాలా రోజులైంది. ఇప్పుడంతా పాఠాలు, కమిటీలు, గ్రాంటుల గోల. అయినా ఆ బరువు చేతిలోకి రాగానే మనసు తేలికపడింది. దిమ్మ తీసుకుంది, గీత గీసింది, మూస పెట్టింది, బిగించింది, స్క్రూ దింపింది. ఆర్లో లాగాడు. యంత్రం గట్టిగా మూలిగింది, చెక్క కిర్రుమంది, చాలాసేపు బిగపట్టి ఉండి చివరికి చెవులు అదిరేలా పగిలింది.

"అదీ దెబ్బంటే!" అన్నాడు ఆర్లో.

రెండోది కూడా అంతే. మూడోదానికి థియా మూసని గీత మీద ఆనించింది. ఆనించి, బొటనవేలితో దాన్ని కాస్త ఎడమకి జరిపింది. క్లాంపు వైపు చెయ్యి చాపి, ఆగిపోయింది.

మూస గీత మీద లేదు. గీతకి ఒక వేలెడు పక్కకి, నున్నటి చెక్క మీద కూర్చుని ఉంది. గీత కింద సన్నగా, నల్లగా ఒక సందు ఉంది.

ఇది తను చేసిన పనే. ఇంతకుముందు రెండుసార్లూ చేసింది. మూస పెట్టే ప్రతి ఒక్కరూ ఇలాగే చేస్తారు, అదొక పని అని ఎవరూ అనుకోరు. ల్యాబ్‌లో చేరిన తొలి వారంలోనే గార్త్ పక్కన నిలబడి, "స్క్రూకి మంచి సీటు చూడండి," అంటూ నేర్పిస్తాడు. రాసిపెట్టిన పద్ధతిలో ఆ ముక్క ఎక్కడా లేదు. రేలీన్ చేరిన కొత్తలో గార్త్ సెలవులో ఉన్నాడు. ఆమెకి ఎవరూ పక్కన నిలబడి చెప్పలేదు. ఆమె కాగితం చదివి, కాగితం ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టింది. సందు ఉంటే సందులో, లేకపోతే చెక్కలో.

థియాకి రోడ్డవతలి హాస్టలు గుర్తొచ్చింది. సైట్లో నిచ్చెనెక్కిన వడ్రంగి మాత్రం మంచి సీటు చూస్తాడా? గోడ తెచ్చి నేల మీద నిలబెట్టాక అంచు ఎవరికి కనిపిస్తుంది? కొట్టమన్న చోట కొడతాడు. అంటే అసలు భవనాల్లో ఉన్న స్క్రూలకి దగ్గరగా ఉన్నవి చెల్లాచెదురు చుక్కలే. బుద్ధిగా వరసలో నిలబడ్డవి తనవి. ఆ చుక్కలతో తను చేసిన పట్టికే ఎదురుగా ఉన్న హాస్టలు కట్టిన లెక్కల్లోకి వెళ్ళింది.

తలెత్తి చూసింది. రేలీన్ ఆమె ముఖం వైపు కాదు, చేతుల వైపు చూస్తోంది.

"ఏమైంది?" అన్నాడు ఆర్లో.

"ఏం లేదు." థియా క్లాంపు బిగించి స్క్రూ దింపేసింది. అది కూడా అద్భుతంగా నిలబడింది. "రేపు మాట్లాడదాం, రేలీన్," అని డ్రిల్లు పెట్టేసి, కోటు వేసుకోవడం కూడా మర్చిపోయి బయటికి నడిచింది.

రాత్రంతా ఆమె ఒకటే మాట గట్టిగా పట్టుకుంది. పొద్దున్నే గార్త్‌కి చెప్పాలి. ఆయన మొండివాడే గానీ దొంగ కాడు. చెప్తే వింటాడు.

గార్త్ విన్నాడు. తలుపు వేసి, కుర్చీ చూపించి, మధ్యలో అడ్డు రాకుండా మొత్తం విన్నాడు. విని, నవ్వి, "ఇంతేనా?" అన్నాడు.

"ఇంతేనా అంటారేంటి?"

"థియా, మనం పరీక్షించేది స్క్రూని. సందులో దింపి లాగితే ఏం తెలుస్తుంది, గాలి బలమెంతో తెలుస్తుంది. వంకర దుంగ ఉంటే పక్కన పెట్టమా? ఇదీ అంతే."

"వంకర దుంగని సైట్లో కూడా పక్కన పెడతారు. సందుని ఎవరు పక్కన పెడతారు?"

"అందుకేగా లెక్కలో కొంత తగ్గించుకుని కడతారు."

"ఎంత తగ్గించాలో మన చుక్కల్ని చూసే కదా చెప్పారు! అవన్నీ మంచి సీట్లలో తీసినవే."

గార్త్ నవ్వు ఆగింది. ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళి హాస్టలు వైపు చూస్తూ నిలబడ్డాడు. పక్క నుంచి చూస్తే ఆయన ముసలివాడైపోయినట్టు థియాకి మొదటిసారి అనిపించి, జాలి కూడా వేసింది.

"అదేమీ రేపు పడిపోదు," అన్నాడు.

"పడదు. రేపు పడదు."

"పెద్ద భూకంపం వస్తే?"

"తెలీదు. తెలీదనే అంటున్నాను."

ఆయన తిరిగి వచ్చి ఆమె ఎదురుగా బల్ల అంచు మీద కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు. "నువ్వు చెప్పింది తీసిపారేసేది కాదు, ఒప్పుకుంటున్నాను. కానీ ఈ వారం కాదు. వచ్చేవారం ఓటు కానీ. ఆ తర్వాత ఇద్దరం నింపాదిగా కూర్చుని ఒక పేపరు రాద్దాం, సందుల ప్రభావం అని. నీ పేరు ముందు పెడదాం. మంచి పేపరవుతుంది. ఇప్పుడు నోరు విప్పితే ఏమవుతుంది? పదిమంది ఓటేసేవాళ్ళలో నీ పట్టిక తప్పని తెలిసినవాళ్ళు ఉంటారు, ఎందుకు తప్పో అర్థం చేసుకునేవాళ్ళు ఉండరు."

"మరి రేలీన్?"

"ఆ పిల్ల సంగతి వేరు."

"వేరెలా అవుతుంది? ఆమె చుక్కలే సరైనవి."

"ఆమె తెలిసి చేసిందా? సరైంది పొరపాటున చేసినవాళ్ళకి డాక్టరేట్ ఇవ్వరు." ఇది అన్నాక ఆయనకే బాగా అనిపించలేదేమో, లేచి ఆమె భుజం తట్టాడు. "ఆమెకి రంపపు మిల్లు ఆఫీసులో మంచి ఉద్యోగం నేను చూస్తాను. రోడ్డు మీద పడెయ్యను."

థియా తలూపింది. ఊపుతూనే ఎంత ఊరటగా అనిపించిందో, ఆ ఊరట చూసి అంత సిగ్గేసింది. పేపరు రాస్తాం కదా, నిజం ఎక్కడికి పోతుంది, నాలుగు నెలలు ఆలస్యమవుతుందంతే అని మెట్లు దిగుతూ తనకి తనే నచ్చజెప్పుకుంది. చదువుకున్నవాళ్ళకి ఇలా నచ్చజెప్పుకోవడం బాగా వస్తుంది.

మధ్యాహ్నం ఆమె గది తలుపు దగ్గర రేలీన్ నిలబడింది. లోపలికి రాలేదు.

"నిన్న మాట్లాడదామన్నారు."

"అవును." థియా కంప్యూటర్ మీది నుంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"మీరేమైనా గమనించారా, నేను చేసే దాంట్లో?"

నోటిదాకా వచ్చింది. తలుపు వెయ్యి, కూర్చో, నీ తప్పేం లేదు. మూడు ముక్కలు. థియా నీళ్ళు నమిలింది. "ఇంకా ఆలోచిస్తున్నాను, రేలీన్. రేపు కమిటీలో నేనున్నాను కదా. నీకు అన్యాయం జరగనివ్వను."

రేలీన్ కళ్ళు ఒకసారి థియా ఒళ్ళోకి, చేతుల వైపు వెళ్ళి వచ్చాయి.

"సరే," అంది. "నా దగ్గర ఇంకా కొన్ని దిమ్మలున్నాయి. సాయంత్రం చేసుకుంటాను."

గురువారం కమిటీ గదిలో హీటరు మరీ ఎక్కువగా ఉంది. బెర్నిస్ చౌ కోటు విప్పి, అల్లిక సంచీ తీసుకుని కూర్చుంది. ఎవరేం చెప్తున్నా ఆవిడ అల్లుతూనే ఉంటుంది, ఒక్క మాట కూడా వదలదు. గార్త్ గడియారం చూసుకున్నాడు. థియా ముందు రోజంతా కూర్చి పెట్టుకున్న వాక్యం మనసులో తిప్పుకుంటోంది. రేలీన్‌కి ఇంకో అవకాశం ఇవ్వాలి, మళ్ళీ చేసి చూపిస్తే బాగుంటుంది. ఎవరినీ నొప్పించని వాక్యం. ఓటునీ నొప్పించదు.

రేలీన్ వచ్చింది. శుభ్రంగా జడ వేసుకుని, మడత నలగని చొక్కా వేసుకుంది. తెర మీద కొత్త చుక్కలు పెట్టింది.

అవి ఒక వరసలో ఉన్నాయి. సోమవారం నాటి చెల్లాచెదురు ఒక్కటి కూడా లేదు. థియా చుక్కల పక్కన పెడితే ఏవి ఎవరివో చెప్పలేరు.

"నిన్న చేశాను," అంది రేలీన్. "మొత్తం ఒక బ్యాచ్. పాత ఫలితాల్లో నా చేతి పొరపాట్లు ఉన్నాయి కాబట్టి వాటిని తీసేశాను."

గార్త్ కుర్చీలోంచి సగం లేచాడు. ఆయన ముఖం విప్పారిపోయింది, దాంట్లో నటన ఏమీ లేదు. "చూశావా! చూశావా, బెర్నిస్? ఏడాది నుంచి ఇదే మొత్తుకుంటున్నాను. ఒక్కరోజు, ఒక్కరోజు థియా పక్కన నిలబడింది, చెయ్యి కుదురుకుంది. థియా, నువ్వు పాఠం చెప్పడం కాదు, మంత్రం వేశావు."

"బాగున్నాయి," అంది బెర్నిస్, సూదులు ఆపకుండా. "మరీ బాగున్నాయి."

"పాత దిమ్మలేవి?" అంది థియా. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"బాయిలరుకి పంపేశాను. నిన్న చెత్త చెక్క బండిలో వెళ్ళిపోయాయి." రేలీన్ ఆమె వైపు చూడకుండా జవాబిచ్చింది. యూనివర్సిటీకి వెచ్చదనం చెక్క కాల్చే ఆ బాయిలరు నుంచే వస్తుంది. ఆ గదిలో ఉక్కపోతకి కూడా అదే కారణం.

"ఇంకేముంది," అన్నాడు గార్త్. "నేనైతే కొనసాగించమంటాను. మనస్ఫూర్తిగా. బెర్నిస్?"

"అభ్యంతరం లేదు."

"థియా?"

ఒక్క మాట చాలు. సరే అంటే రేలీన్ పాసవుతుంది. వచ్చేవారం తన ఉద్యోగం పక్కా. గార్త్ ముఖంలో ఆ వెలుగు అలాగే ఉంటుంది. అన్యాయం జరగనివ్వనని మాటిచ్చింది, జరగలేదు కూడా. కాదంటే, పాత దిమ్మలు బూడిదైపోయాయి కాబట్టి ఈ పిల్ల చేతిలో చూపించడానికి చెక్కముక్క కూడా మిగలదు. ఎటు చూసినా సరే అనడమే దయ.

థియా తెర వైపు చూసింది. బుద్ధిగా నిలబడ్డ ఆ చుక్కలు చూస్తే భయమేసింది.

"నేను ఒప్పుకోను," అంది.

సూదులు ఆగాయి.

"ఈ చుక్కలు తప్పు. తీసేసినవే సరైనవి. మూసని గీత మీద పెట్టకుండా సందు లేని చోటికి జరిపితే ఇవి వస్తాయి. నావీ అలా వచ్చినవే. ఈ ల్యాబ్‌లో అందరివీ అంతే. రేలీన్ చేతులకి ఏ పొరపాటూ లేదు, ఎప్పుడూ లేదు. నాకు మంగళవారమే తెలిసింది."

"థియా," అన్నాడు గార్త్ నెమ్మదిగా. "వచ్చేవారం దాకా ఆగాలని మనం అనుకున్నాం."

"అనుకున్నాం. నాకు జ్ఞాపకం ఉంది."

బెర్నిస్ అల్లికని ఒళ్ళో పెట్టుకుని రేలీన్ వైపు తిరిగింది. "నువ్వు చెప్పమ్మా. నిన్న మూస జరిపావా?"

రేలీన్ మెడ మీద ఎరుపు పాకింది. "జరిపాను."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. మంగళవారం థియా జరపడం చూశాను. మూడోసారి జరిపి, ఆవిడ ఆగిపోవడం కూడా చూశాను. ఆవిడకి అర్థమైందని నాకు అర్థమైంది." ఆమె మొదటిసారి థియా కళ్ళలోకి చూసింది. "చెప్తారేమో అని బుధవారం తలుపు దగ్గరికి వెళ్ళి అడిగాను. చెప్పలేదు. సరే, ఇక్కడ పద్ధతి ఇదే కాబోలు, ఎవరూ నోటితో అనకూడదు కాబోలు అనుకున్నాను."

గార్త్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ ఉండిపోయాడు. చివరికి బెర్నిస్సే తేల్చింది. ఇవాళ పాసూ లేదు, ఫెయిలూ లేదు. కొత్త దిమ్మలు వచ్చాక, మూస కదలకుండా, తన కళ్ళ ముందు మళ్ళీ చెయ్యాలి. వేసవి దాకా పట్టవచ్చు. అప్పటిదాకా రేలీన్‌కి జీతం ఎక్కడి నుంచి వస్తుందో ఆవిడా చెప్పలేకపోయింది.

గార్త్ లేచి తలుపు దగ్గర ఆగాడు. "వచ్చేవారం ఓటుకి నేను అధ్యక్షుణ్ణి," అన్నాడు. బెదిరింపులా లేదు, బాధగా ఉంది. "నేనేం చెప్పగలననుకుంటున్నావు, థియా?"

"చెప్పాల్సింది చెప్పండి," అంది థియా.

బెర్నిస్ కూడా వెళ్ళింది. రేలీన్ తెర ఆపేసి, వైరు చుట్టి పెట్టి, కోటు గుండీలు పెట్టుకుంటోంది. పై గుండీ రెండుసార్లు జారింది.

"మీరు ఊరుకుంటే ఈపాటికి నేను పాసయ్యేదాన్ని," అంది.

"అవును."

"మీ ఉద్యోగమూ ఉండేది."

"అవును."

"నిన్న చెప్పి ఉంటే నా దిమ్మలు ఉండేవి."

ఈసారి థియా తల దించుకుంది. రేలీన్ వదల్లేదు. "నిన్న నోరు రాలేదు. ఇవాళ ఎందుకొచ్చింది? నా మీద జాలేసా?"

"కాదు," అంది థియా. "ఒక్కరోజులో ఆ తప్పుని నువ్వు నా అంత బాగా నేర్చేసుకున్నావు. అది చూసి."

రేలీన్ చేతి తొడుగులు వేసుకుని, తలుపు తెరిచి పట్టుకుంది, థియా కూడా బయటికి వచ్చేదాకా.